మా వాడిని షార్ట్‌స్టాప్ నుంచి థర్డ్ బేస్‌కి మార్చారు. ఇది కిందికి దించడమేనా?

ఎనిమిదో నంబర్ నాన్న:

అందరికీ నమస్కారం. బేస్‌బాల్‌ని ఏళ్ళ తరబడి చూస్తున్నవాళ్ళు ఇక్కడ ఉన్నారని తెలిసి అడుగుతున్నాను. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

మేముండేది మేరీలాండ్‌లో. మా అబ్బాయికి 13 ఏళ్ళు. ఏడో ఏట నుంచి ఆడుతున్నాడు, మొదటి నుంచీ షార్ట్‌స్టాపే, అంటే సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్. ఈ సీజన్‌లో పెద్ద గ్రౌండ్‌కి వచ్చారు. పోయినేడాది దాకా బేస్‌కీ బేస్‌కీ మధ్య 70 అడుగులు, ఇప్పుడు పెద్దవాళ్ళకి లాగే 90. పోయిన శనివారం కోచ్ డగౌట్ గోడకి లైనప్ అంటించాడు. మా వాడి పేరు పక్కన 6 ఉండాల్సిన చోట 5 ఉంది. ఈ నంబర్లు అలవాటు లేనివాళ్ళకి చెబుతున్నాను, స్కోర్‌బుక్‌లో షార్ట్‌స్టాప్ అంటే 6, థర్డ్ బేస్ అంటే 5.

వాడు అక్కడ ఏమీ అనలేదు. నిలబెట్టిన చోటే ఆడాడు. కారెక్కాక గ్లవ్ ఒళ్ళో పెట్టుకుని దాని తోలు తాడు ముడి విప్పడం, మళ్ళీ బిగించడం, ఇల్లు వచ్చేదాకా అదే పని. రాత్రి భోజనాల దగ్గర వాళ్ళమ్మ అడిగేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

కోచ్‌తో మాట్లాడాను. మంచి మనిషే. "ఏడాదిలో బాగా ఎత్తు పెరిగాడు. చెయ్యి బలంగా ఉంది. మొదటి అడుగే కొంచెం ఆలస్యంగా పడుతోంది. థర్డ్‌లో బాగా కుదురుతాడు" అన్నాడు. ఆ మాటలో నాకు తప్పేమీ కనబడలేదు. కానీ వాడికి అది "నువ్వు చాలవు" అన్నట్టే వినబడింది.

నేను క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి. పాయింట్‌లో ఉన్నవాణ్ణి మిడ్‌వికెట్‌కి పంపితే ఎవరూ బాధపడరు, ఓవర్ ఓవర్‌కీ మారుతూనే ఉంటారు. ఇక్కడ ఆ చోటే మనిషికి పేరు అని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. వాడి గదిలో బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టు పాత ఆటగాడు కాల్ రిప్కెన్ ఫొటో ఉంది, అందుకే జెర్సీ నంబర్ 8 కావాలని పట్టుబట్టాడు. నేను సర్దిచెప్పబోతే, "రిప్కెన్ షార్ట్‌స్టాప్ నాన్నా, ఆయన్ని ఎవరూ మార్చలేదు" అన్నాడు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

నిజంగా ఆయన్ని ఎవరూ మార్చలేదా? ఇన్‌ఫీల్డర్లకి ఇలా చోటు మారడం మామూలేనా, లేక ఇక్కడితో వాడి ఆట కిందికి పోతున్నట్టా? తెలిసినవాళ్ళు చెప్పండి. మీరు రాసింది వాడికి చదివి వినిపిస్తాను.

బాల్టిమోర్ బాబాయ్:

తమ్ముడూ, ఈ ప్రశ్నకి నేను జవాబు చెప్పకపోతే ఇంకెవరు చెప్పాలి! 1993లో చదువుకోవడానికి బాల్టిమోర్ వచ్చాను. అప్పటి నుంచి నాకు తెలిసిన బేస్‌బాల్ అంతా ఓరియోల్స్, ఓరియోల్స్ అంటే రిప్కెన్. మీ అబ్బాయికి ముందుగా ఈ ఒక్క మాట చెప్పండి. రిప్కెన్‌ని మార్చారు. ఒకసారి కాదు, రెండుసార్లు.

ఆయనది మీకు దగ్గరే, అబెర్డీన్. తండ్రి కాల్ రిప్కెన్ సీనియర్ ఓరియోల్స్ సంస్థలోనే కోచ్. 1978 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకోవడం) రెండో రౌండ్‌లో ఓరియోల్స్ తీసుకున్నప్పుడు ఈ కుర్రాణ్ణి పిచ్చర్‌ని, అంటే బంతి విసిరేవాణ్ణి చెయ్యాలా, ఇన్‌ఫీల్డ్‌లో పెట్టాలా అని వాళ్ళలో వాళ్ళకే తేలలేదు. హైస్కూల్లో అంత బాగా పిచింగ్ చేసేవాడు. కింది స్థాయి మైనర్ లీగ్‌లో కొన్నాళ్ళు షార్ట్‌స్టాప్, కొన్నాళ్ళు థర్డ్. 1981 ఏప్రిల్ 18 రాత్రి పాటకెట్‌లో మొదలైన 33 ఇన్నింగ్స్ గేమ్ గురించి విని ఉంటారు, ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అంత పొడుగు గేమ్ ఇంకోటి లేదు. తెల్లవారుజామున నాలుగు దాటాక 32 ఇన్నింగ్స్ దగ్గర ఆపారు, మిగతాది జూన్ 23న ఆడారు. అందులో ఓరియోల్స్ కింది జట్టు రోచెస్టర్ తరఫున థర్డ్ బేస్‌లో నిలబడ్డది రిప్కెనే. 13 సార్లు బ్యాటింగ్‌కి వచ్చి రెండు హిట్లు కొట్టాడు. అవతలి జట్టు థర్డ్ బేస్‌మన్ వేడ్ బాగ్స్. ఇద్దరూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళారు.

1982లో ఓరియోల్స్ ఆయనకి థర్డ్ బేస్ ఇచ్చింది. ఆ చోటు ఖాళీ చెయ్యడానికి అంతకుముందు అక్కడ ఆడుతున్న డగ్ డిసిన్సేని వేరే జట్టుకి పంపేశారు కూడా. అలా కుదురుకుంటున్న మనిషిని జులై 1న మేనేజర్ ఎర్ల్ వీవర్ తీసుకెళ్ళి షార్ట్‌స్టాప్‌లో పెట్టాడు. అప్పటికి వయసు 21. చాలామంది నొసలు ముడిచారు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి షార్ట్‌స్టాపా అని. ఆ రోజుల్లో షార్ట్‌స్టాప్ అంటే ఓజీ స్మిత్ లాంటివాళ్ళు, సన్నగా, పాదం నేలకి ఆనీ ఆనకుండా తిరిగేవాళ్ళు. ఇంత పెద్ద మనిషి వంగి బంతి అందుకునేలోగా రన్నర్ ఫస్ట్ బేస్ దాటిపోతాడనుకున్నారు.

ఆయన కాళ్ళు నిజంగానే అంత చురుకైనవి కావు. మీ కోచ్ మొదటి అడుగు గురించి అన్నాడే, రిప్కెన్ గురించి కూడా అదే అనేవాళ్ళు. దానికి ఆయన చేసిన పని వేరు. షార్ట్‌స్టాప్‌లో నిలబడితే క్యాచర్ వేళ్ళతో ఇచ్చే సైగ కనబడుతుంది. ఏ బంతి రాబోతోందో, అది లోపలికో బయటికో, ఈ బ్యాటర్ అలాంటి బంతిని ఎటు కొడతాడో లెక్క వేసుకుని, బంతి పిచ్చర్ చెయ్యి వదలక ముందే రెండడుగులు అటు జరిగి ఉండేవాడు. టీవీలో చూసేవాళ్ళకి బంతి నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళినట్టుండేది. డైవ్ చెయ్యాల్సిన అవసరం తక్కువ కాబట్టి చూడ్డానికి గొప్పగా ఉండేది కాదు. కానీ 1984లో 583 అసిస్టులు (అవుట్‌కి దారితీసిన విసుర్లు), అమెరికన్ లీగ్ షార్ట్‌స్టాప్‌లలో రికార్డు. 1990లో సీజన్ మొత్తంలో మూడే ఎర్రర్లు. వరుసగా 95 గేములు ఒక్క ఎర్రర్ లేకుండా ఆడాడు. అయినా ఆ ఏడాది గోల్డ్ గ్లవ్, అంటే ఉత్తమ ఫీల్డర్ అవార్డు, ఆయనకి ఇవ్వలేదు, ఓజీ గియెన్‌కి ఇచ్చారు. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం అది. తర్వాతి ఏడాది ఇచ్చారు. 1991లో .323 యావరేజ్, 34 హోమ్ రన్లు, 114 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో జట్టుకి తెచ్చిన పరుగులు), లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే ఎంవీపీ రెండోసారి. జట్టేమో 95 గేములు ఓడింది.

ఇక రెండోసారి. ఇది మీ అబ్బాయి వినాల్సింది. 1996 జులైలో మేనేజర్ డేవీ జాన్సన్ ఆయన్ని షార్ట్‌స్టాప్ నుంచి థర్డ్‌కి జరిపాడు, మానీ అలెగ్జాండర్‌ని షార్ట్‌స్టాప్‌లో చూద్దామని. 14 ఏళ్ళు నిలబడ్డ చోటు. వరుసగా 2,130 గేములు ఆడిన లూ గెహ్రిగ్ రికార్డు దాటి ఇంకా ఏడాది కూడా కాలేదు. రిప్కెన్ సంతోషంగా ఏమీ లేడు, అది ఊరంతా తెలిసిందే. మా ఆఫీసులో వారమంతా ఇదే చర్చ. ఆరు గేముల తర్వాత మళ్ళీ షార్ట్‌స్టాప్‌కి తెచ్చారు. ఆ చలికాలంలో మైక్ బోర్డిక్‌ని తీసుకోవడంతో 1997 మొదటి గేమ్ నుంచి రిప్కెన్ థర్డ్ బేస్‌మన్. 36 ఏళ్ళ వయసులో, వెన్నులో డిస్క్ నొప్పితో, 162 గేములకి 162 గేములూ ఆడాడు. ఓరియోల్స్ 98 గేములు గెలిచి ఏడాది పొడుగునా డివిజన్‌లో మొదటి స్థానం వదల్లేదు. అభిమానులు ఆయన్ని ఆల్ స్టార్ గేమ్‌కి ఎన్నుకున్నారు, థర్డ్ బేస్‌మన్‌గా.

మా వాడు నమ్మడు అంటారేమో, ఇంకో సంగతి చెప్పండి. వరుసగా 2,632 గేములు ఆడిన ఆ రికార్డు 1982 మే 30న మొదలైంది. ఆ రోజు ఆయన షార్ట్‌స్టాప్ కాదు. థర్డ్ బేస్. అందులో చివరి గేమ్ 1998 సెప్టెంబర్ 19. ఆ రోజూ థర్డ్ బేసే. మర్నాడు సాయంత్రం యాంకీస్‌తో గేమ్ మొదలవబోతుంటే ఈ రోజు ఆడనని తనే మేనేజర్‌కి చెప్పాడు, ర్యాన్ మైనర్ అనే కొత్త కుర్రాడు థర్డ్‌లోకి వచ్చాడు. విషయం తెలిసి మొదటి అవుట్ కాగానే యాంకీస్ ఆటగాళ్ళంతా డగౌట్ మెట్ల మీదికి వచ్చి చప్పట్లు కొట్టారు.

1995 సెప్టెంబర్ 6 గురించి చెప్పకుండా ఆపలేను. టికెట్ దొరకలేదు. నలుగురం ఒకే గదిలో చిన్న టీవీ ముందు కూర్చున్నాం. నాలుగో ఇన్నింగ్స్‌లో ఆయన హోమ్ రన్ కొట్టాడు. ఐదో ఇన్నింగ్స్ పైసగం అయ్యేసరికి గేమ్ లెక్కలోకి వచ్చింది, రైట్ ఫీల్డ్ వెనకాల ఇటుకల గోదాం గోడ మీద చివరి అంకె మారింది. 2,131. ఆట 22 నిమిషాలు ఆగిపోయింది. టీవీలో కామెంటేటర్లు మాట్లాడటం మానేశారు, ఉత్త జనం అరుపులే. ఆయన డగౌట్‌లోంచి వస్తాడు, చెయ్యి ఊపుతాడు, లోపలికి పోతాడు, జనం కూర్చోరు. చివరికి బోనియా, పాల్మైరో ఇద్దరూ భుజాలు పట్టి బయటికి తోశారు. అప్పుడు గ్రౌండ్ చుట్టూ కంచె వెంబడి నడుస్తూ, అందిన ప్రతి చేతినీ పట్టుకుంటూ వెళ్ళాడు. గ్రౌండ్ పనివాళ్ళు, పోలీసులు, అవతలి జట్టువాళ్ళు, అందరినీ. మాలో ఒకడికి బేస్‌బాల్ అంటే ఏమీ తెలియదు. వాడు కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

వరుసగా ఆడిన ఇన్నింగ్స్‌ల లెక్క వేరే ఉంది, 8,243. అది ఆపింది ఎవరో తెలుసా? తండ్రే. 1987లో సీనియర్ మేనేజర్, కాల్ షార్ట్‌స్టాప్, తమ్ముడు బిల్లీ సెకండ్ బేస్. టొరంటోలో 18-3తో ఓడిపోతున్న గేమ్‌లో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కొడుకుని బయటికి పిలిచాడు. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే.

హాట్ కార్నర్:

అంకుల్, నేను పుట్టి పెరిగింది న్యూజెర్సీ. హైస్కూల్లో షార్ట్‌స్టాప్, కాలేజీకి వెళ్ళాక థర్డ్. బాబాయ్ గారు చరిత్ర చెప్పారు. నేను అక్కడ నిలబడితే ఎలా ఉంటుందో చెబుతాను, మీ వాడికి రేపటి నుంచి అదే కదా కావాల్సింది.

షార్ట్‌స్టాప్‌లో బంతిని చదవడానికి టైమ్ ఉంటుంది. ఎన్నో గంతు మీద పట్టుకోవాలో మనమే ఎంచుకుంటాం, దానికి తగ్గట్టు ముందుకెళ్తాం. థర్డ్‌లో ఆ టైమ్ లేదు. గంటకి 100 మైళ్ళ వేగంతో కొట్టిన బంతి సెకనుకి 147 అడుగులు పోతుంది. మనం ఉండేది బ్యాటర్‌కి వంద అడుగుల లోపే. ఏ గంతు వస్తే ఆ గంతే. అందుకే పాదాల కన్నా ముందు గ్లవ్ సిద్ధంగా ఉండాలి. పిచ్చర్ చెయ్యి పైకి లేస్తున్నప్పుడు చిన్న గెంతు, బ్యాట్ దగ్గరికి బంతి చేరేసరికి రెండు మునివేళ్ళ మీదా బరువు, గ్లవ్ తెరిచి నేలకి దగ్గరగా. షార్ట్‌స్టాప్‌లో గ్లవ్ మోకాలి దగ్గర ఉన్నా ఫరవాలేదు. ఇక్కడ అలా ఉంటే బంతి కిందనుంచి పోతుంది.

నాకు మొదటి నెలలో ఒకటి గెడ్డానికి తగిలింది. కాలేజీ గ్రౌండ్‌లో మట్టీ గడ్డీ కలిసే అంచు దగ్గర పడి ఒక్కసారిగా లేచింది. నాలుగు కుట్లు. కుట్ల కన్నా తర్వాతి వారం కష్టం, ఎందుకంటే బంతి వస్తుంటే తల దానంతటదే పక్కకి తిరిగిపోయేది. తల తిప్పితే కన్ను బంతి మీద ఉండదు, అప్పుడే ఇంకా తగులుతుంది. మా అసిస్టెంట్ కోచ్ రోజూ పది అడుగుల దూరంలో మోకాళ్ళ మీద కూర్చుని చేత్తోనే చిన్న గంతులు విసిరేవాడు. గ్లవ్ లేకుండా ఉత్త చేత్తో పట్టించాడు, మెత్తటి బంతులతో. రెండు వారాల్లో తల తిరగడం ఆగింది. మీ వాడికి కూడా ఇది ఇంటి వెనకాలే చేయించొచ్చు అంకుల్, మీరే విసరొచ్చు.

థర్డ్ నుంచి ఫస్ట్‌కి 127 అడుగులు, అడ్డంగా డైమండ్ మొత్తం దాటాలి. మీ వాడి చెయ్యి బలమైనదని కోచ్ అన్నాడంటే ఆ 127 అడుగుల గురించే. పైగా బంట్ ఉంది, బ్యాటర్ బ్యాట్‌ని ఊపకుండా మెల్లగా తాకించి వదిలే బంతి. నెమ్మదిగా దొర్లుతున్న బంతి మీదికి పరిగెత్తి, కుడిచేత్తో ఎత్తి, ఇంకా వంగి ఉండగానే కింది నుంచి ఫస్ట్‌కి విసరడం. అది ఒకసారి సరిగ్గా పడిన రోజు, నాకు షార్ట్‌స్టాప్ గుర్తు రాలేదు. నిజం.

మానీ మచాడో వీడియో ఒకటి చూపించండి. 2013లో యాంకీ స్టేడియంలో చేసింది. బ్యాక్‌హ్యాండ్‌కి వచ్చిన బంతి గ్లవ్‌లోంచి జారితే, గీత బయటికి పోతూ ఉత్త చేత్తో అందుకుని, ఒళ్ళు వెనక్కి వాలిపోతుండగా ఫస్ట్‌కి విసిరాడు. ఆయన కూడా షార్ట్‌స్టాప్‌గానే ఓరియోల్స్‌కి వచ్చాడు. బోవీలో డబుల్ ఎ (మేజర్ లీగ్‌కి రెండు మెట్ల కింద) ఆడుతున్నవాణ్ణి 2012 ఆగస్టులో నేరుగా పైకి పిలిచి థర్డ్‌లో నిలబెట్టారు, షార్ట్‌స్టాప్‌లో జె.జె. హార్డీ ఉన్నాడని. అప్పుడు ఆయన వయసు 20. తర్వాతి ఏడాదే గోల్డ్ గ్లవ్.

స్కోర్‌బుక్ అక్క:

నేను మా అమ్మాయి సాఫ్ట్‌బాల్ టీమ్‌కి ఆరేళ్ళుగా స్కోర్ రాస్తున్నాను. పైన ఇద్దరూ చెప్పింది బాగుంది. కానీ ఒక్క విషయంలో అబ్బాయికి పూర్తి నిజం చెప్పాలని నాకనిపిస్తోంది.

ఇది కిందికి దిగడమేనా అంటే, కష్టం లెక్కన చూస్తే ఒక మెట్టు కిందే. బిల్ జేమ్స్ అనే ఆయన ఫీల్డింగ్ చోట్లని కష్టాన్ని బట్టి వరసగా పేర్చాడు. ఫస్ట్ బేస్ సులువు వైపు, షార్ట్‌స్టాప్ అన్నిటికన్నా కష్టం వైపు, థర్డ్ మధ్యలో. వయసు పెరిగేకొద్దీ ఆటగాళ్ళు కష్టం నుంచి సులువు వైపు జరుగుతారు, అటునుంచి ఇటు రావడం అరుదు. రిప్కెన్ 21 ఏళ్ళకి థర్డ్ నుంచి షార్ట్‌స్టాప్‌కి వచ్చి నిలబడ్డాడు కాబట్టే అంతగా చెప్పుకుంటారు. 13 ఏళ్ళవాడికి ఈ మాట దాచిపెడితే స్నేహితులు ఎవరో చెబుతారు, అప్పుడు నాన్న కూడా అబద్ధం చెప్పాడనుకుంటాడు.

దాంతోపాటే ఇదీ చెప్పండి. హైస్కూల్లో ప్రతి జట్టులోనూ అందరికన్నా బాగా ఆడేవాణ్ణే షార్ట్‌స్టాప్‌లో పెడతారు. అందుకని డ్రాఫ్ట్‌కి వచ్చేవాళ్ళలో షార్ట్‌స్టాప్‌లు కుప్పలుగా ఉంటారు. మేజర్ లీగ్‌లో ఉన్నది 30 జట్లు. అంటే 30 మందికే ఆ చోటు. మిగతావాళ్ళంతా ఎక్కడికి పోతారు? సెకండ్‌కి, థర్డ్‌కి, అవుట్‌ఫీల్డ్‌కి. చిప్పర్ జోన్స్‌ని 1990లో అందరికన్నా ముందు డ్రాఫ్ట్ చేసింది షార్ట్‌స్టాప్‌గానే, హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళింది థర్డ్ బేస్‌మన్‌గా. ఎర్నీ బ్యాంక్స్ షార్ట్‌స్టాప్‌గా 1958, 1959లో వరుసగా రెండు ఎంవీపీలు తీసుకుని, తర్వాత ఫస్ట్ బేస్‌కి వెళ్ళాడు. అక్కడ ఇంకా ఎక్కువ గేములు ఆడాడు. రాబిన్ యౌంట్ భుజం దెబ్బతిని సెంటర్ ఫీల్డ్‌కి మారాడు. 1982లో షార్ట్‌స్టాప్‌గా ఒక ఎంవీపీ, 1989లో సెంటర్ ఫీల్డర్‌గా ఇంకొకటి. అలెక్స్ రోడ్రిగెజ్ అయితే షార్ట్‌స్టాప్‌లో గోల్డ్ గ్లవ్ చేతిలో పెట్టుకుని 2004లో యాంకీస్‌కి వచ్చి, అక్కడ డెరెక్ జీటర్ ఉన్నాడని థర్డ్‌కి జరిగాడు. మూకీ బెట్స్ ఇంకా విచిత్రం, రైట్ ఫీల్డ్‌లో ఆరు గోల్డ్ గ్లవ్‌లు తీసుకున్నాక, ముప్పై దాటాక షార్ట్‌స్టాప్‌కి వచ్చాడు. ఎదురు దిశలో!

ఇంకో కోణం కూడా ఉంది, అది డబ్బు. ప్రొఫెషనల్ అయ్యాక రెండు మూడు చోట్ల ఆడగలగడం అన్నం పెట్టే విద్య. మైనర్ లీగ్‌లో అన్నిటికన్నా పై మెట్టు ట్రిపుల్ ఎ లో, 2023లో కొత్త ఒప్పందం ప్రకారం ఏడాదికి కనీస జీతం 35,800 డాలర్లు ఉండేది. పైన మేజర్ లీగ్‌లో 2025లో కనీసం 7,60,000. ఆ రెండిటి మధ్య తలుపు ఒక్కటే, 26 మంది జాబితా. అందులో పిచ్చర్లే సగం. మిగిలిన చోట్లలో బెంచ్ మీద కూర్చునే ఇన్‌ఫీల్డర్ సెకండ్, షార్ట్, థర్డ్ మూడూ ఆడగలిగితేనే మేనేజర్‌కి పనికొస్తాడు. ఒక్క చోటే వచ్చినవాడు ట్రిపుల్ ఎ లో ఎదురుచూస్తూ ఉంటాడు.

కాబట్టి తమ్ముడూ, కోచ్‌ని ఒక్కటే అడగండి. గేముల్లో థర్డ్ ఆడినా, ప్రాక్టీసులో వారానికి ఒకసారి షార్ట్‌స్టాప్‌లో కూడా గ్రౌండ్ బాల్స్ (నేల మీద వచ్చే బంతులు) ఇవ్వమని. ఈ వయసు పిల్లలకి ఒళ్ళు ఆరు నెలలకోసారి మారుతుంది. ఎత్తు పెరిగినప్పుడు కాళ్ళు కొన్నాళ్ళు మాట వినవు, తర్వాత వింటాయి. చాలామంది పిల్లలని స్కోర్‌బుక్ వెనక నుంచి చూశాను కాబట్టి చెబుతున్నాను, 13 ఏళ్ళకి ఏ చోటూ ఖాయం కాదు.

బాల్టిమోర్ బాబాయ్:

అక్క చెప్పింది సరైనది, ఆ మెట్టు సంగతి నేను రాయాల్సింది. రోడ్రిగెజ్ పేరు వచ్చింది కాబట్టి ఒకటి గుర్తొచ్చింది. 2001 ఆల్ స్టార్ గేమ్, సియాటిల్. రిప్కెన్‌కి 40 ఏళ్ళు, అదే తన చివరి సీజన్ అని చెప్పేశాడు. ఆయన థర్డ్ బేస్‌లో, రోడ్రిగెజ్ షార్ట్‌స్టాప్‌లో. గేమ్ మొదలవుతుండగా రోడ్రిగెజ్ దగ్గరికొచ్చి, షార్ట్‌స్టాప్‌కి పొమ్మని ఆయన్ని చేత్తో నెట్టాడు. రిప్కెన్ ముందు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. డగౌట్‌లోంచి మేనేజర్ కూడా వెళ్ళమని సైగ చేశాడు. అలా ఒక్క ఇన్నింగ్స్ తన పాత చోట్లో నిలబడ్డాడు. మూడో ఇన్నింగ్స్‌లో చాన్ హో పార్క్ వేసిన మొదటి బంతికే హోమ్ రన్. ఎంవీపీ ఆయనే. ఆ వీడియో అబ్బాయికి తప్పకుండా చూపించండి.

ఎనిమిదో నంబర్ నాన్న:

ముగ్గురికీ చేతులెత్తి దండం. ఆదివారం రాత్రి అంతా చదివి వినిపించాను. 1982 మే 30 దగ్గరికి వచ్చేసరికి ఆపమన్నాడు. వెళ్ళి ఆ రోజు బాక్స్ స్కోర్ (గేమ్ స్కోర్ పట్టిక) వెతుక్కొచ్చాడు. అందులో రిప్కెన్ పేరు పక్కన థర్డ్ బేస్ అని చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ రోజు నుంచి 27 గేములు థర్డ్‌లో ఆడాక కదా నాన్నా షార్ట్‌స్టాప్‌కి వచ్చింది" అని తనే లెక్కపెట్టి చెప్పాడు. మెట్టు సంగతి కూడా చెప్పానక్కా. "నాకు తెలుసు" అన్నాడు. ముందే తెలుసు వాడికి. మంచిపని చేశాను దాచకుండా.

హాట్ కార్నర్ బాబూ, నువ్వు చెప్పినట్టే మోకాళ్ళ మీద కూర్చుని బంతులు విసురుతున్నాను, రోజూ అరగంట. మొదటి రోజు వాడి తల కూడా పక్కకి తిరిగింది. నాలుగో రోజుకి కొంచెం తగ్గింది.

నిన్న గేమ్. మూడో ఇన్నింగ్స్‌లో గీత వెంబడి ఒకటి గట్టిగా వచ్చింది. ఛాతీకి తగిలి ముందు పడింది. భయపడి నేను లేచి నిలబడ్డాను. వాడు కిందపడ్డ బంతిని ఉత్త చేత్తో తీసుకుని ఫస్ట్‌కి విసిరాడు, అవుట్. మా స్కోరర్ 5-3 అని రాసింది, అంటే థర్డ్ నుంచి ఫస్ట్‌కి. ఇన్నింగ్స్ అయ్యాక వాడు డగౌట్‌లోకి పోతూ ఆమె పుస్తకంలోకి తొంగి చూసి వెళ్ళాడు. కోచ్‌ని అడిగాను, బుధవారాలు షార్ట్‌స్టాప్‌లో కూడా గ్రౌండ్ బాల్స్ ఇస్తానన్నాడు.

ఒక్క సందేహం. వాడి గ్లవ్ పదకొండున్నర అంగుళాలది, మూడేళ్ళుగా అదే. థర్డ్‌కి పెద్దది కావాలంటున్నారు. వాడు పాతదాన్ని వదలనంటున్నాడు. కొనాలా?

హాట్ కార్నర్:

థర్డ్‌కి మామూలుగా పదకొండు ముప్పావు నుంచి పన్నెండు అంగుళాలు వాడతారు అంకుల్. పాకెట్ కొంచెం లోతుగా ఉంటే గట్టిగా వచ్చిన బంతి జారదు. కానీ ఈ సీజన్ మధ్యలో మార్చొద్దు. కొత్త గ్లవ్ మెత్తబడటానికే నెలలు పడుతుంది, అప్పటిదాకా బంతి బయటికి తన్నుతుంది. సీజన్ అయ్యాక కొనండి, చలికాలమంతా ఇంట్లో బంతి కొట్టుకుంటూ మెత్తబరుచుకుంటాడు. పాతది మాత్రం పారెయ్యనివ్వకండి. బుధవారాలకి కావాలి.